ఆపద్బాంధవుని జీవిక

శ్రోతలారా! ఊరిలో ఒక యిల్లు అంటుకొన్నదనుకొనుడు. పొరుగువాడు కడవ భుజమున నిడుకొని పరుగెత్తును. మంట లార్పును, పసిబిడ్డను బయటికి తెచ్చును. వానిని ఊరంతయు మెచ్చుకొనును. కాని ఆ దినమున వాడు కూలికి పోవలసియుండెననియు, పోకపోవుటచే ఆనాటి కూలి పోయెననియు, మరునాడు యజమాని "నీవు రాలేదు గనుక వేరొకనిని పెట్టుకొంటిని" అని పంపివేసెననియు మనలో ఎందరు విచారింతుము? మెచ్చుకోలు ఊరందరిది, నష్టము వాని యొక్కనిది. ఆపత్కాలమున తనంత తాను ముందుకు వచ్చినవాని కొలువును, కూలిని, సేద్యమును కాపాడవలసిన భారమెవరిది? మన తూర్పు కనుమలలో, అరకులోయ మొదలుకొని గూడెము, రంప కొండలవరకు గడచిన చరిత్రను ముందుంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించుట నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ విచారణ క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దైవికములగు మహాభయములను ఎనిమిదిగా లెక్కించెను. అవి అగ్ని, ఉదకము, వ్యాధి, దుర్భిక్షము, మూషికములు, వ్యాళములు, సర్పములు, రక్షస్సులు. నగరమున ఇల్లు కాలుచుండగా ఆర్పుటకు పరుగెత్తని గృహస్వామికి పండ్రెండు పణములును, అద్దెకున్నవానికి ఆరు పణములును దండము విధించెను. కాబట్టి ఆపదయందు సాయపడుట ఆనాడు కేవలము పుణ్యకార్యము కాదు, పౌరధర్మము. వేరొక అధికరణమున ఆతడే, రాజకార్యమునందుండి మరణించినవారి భార్యాపుత్రులు భృతిని పొందవలయునని విధించెను. ఈ రెండు విధులను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో ఒక లోటు కనబడును. రాజభృత్యునకు రక్ష యున్నది. పరుగెత్తని పొరుగువానికి దండమున్నది. పరుగెత్తి నష్టపోయిన పొరుగువాని మాట ఆ రెంటిలో దేనియందును లేదు.

ఆ లోటును మన దేశాచారము కొంతవరకు పూరించినది. పశువులను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి ప్రాణములు విడిచినవారికి ఊరివారు వీరగల్లులు నిలిపిరి. తెలుగు కన్నడ సీమలయందు అట్టివాని కుటుంబమునకు మాన్యము విడిచెడి ఆచారము కూడ నుండెను. దానినే రక్తమాన్యమనిరి. శిల కీర్తికి, మాన్యము కూటికి. పూర్వులు ఈ రెంటికిని గల భేదము నెరిగినవారు. అయినను రక్తమాన్యము చనిపోయినవాని యింటికి దక్కినది గాని, బ్రదికి తిరిగివచ్చినవానికి దక్కలేదు.

ఇక మన కొండలకు వత్తము. ఈ మన్యమున సేవకును జీవికకును లంకె పెట్టిన ఏర్పాటు ఒకటి చిరకాలము నడచినది. అదియే ముఠాదారీ పద్ధతి. ముఠా యనగా కొన్ని పల్లెల సముదాయము. ముఠాదారు సర్కారునకు స్వల్పమైన కట్టుబడి చెల్లించి, ఆ పల్లెల ఆదాయమును తాననుభవించును. దానికి మారుగా కొండలలో అలజడి పుట్టినపుడు వార్త నందించుట, నేరస్థులను పట్టియిచ్చుట, శాంతి నిలుపుటలో సర్కారునకు తోడ్పడుట ఆతని విధి. 1839 సంవత్సరపు శాసనముచే గంజాము, విశాఖపట్టణపు మన్యభాగములు సామాన్య న్యాయస్థానముల యధికారమునుండి తప్పింపబడి, గవర్నరుగారి యేజెంటను పేర కలెక్టరు చేతిలో నుంచబడెను. ఏజెన్సీ యను పేరు అట్లే వచ్చినది. 1879లో రంప పితూరీ చెలరేగిన పిమ్మట అచ్చటి మన్సబుదారు తొలగింపబడగా, సర్కారువారు ముఠాదారులకు తామే సన్నదు లిచ్చిరి.

పైకి చూచిన ఇది చక్కని యేర్పాటు. ఆపదలో సర్కారునకు తోడ్పడువానికి భూమి యున్నది. ఆ భూమి యుండుటచే వాడు తోడ్పడగలడు. కాని లోపల రెండు దోషములు కలవు. మొదటిది, ఆ రక్ష సర్కారు దయకు లోబడినది. అధికారికి కోపము వచ్చిన సన్నదు పోవచ్చును, పదవి పోవచ్చును. రెండవది, ముఠాదారునకు దక్కిన రక్ష ఆతని క్రింది గిరిజనునకు దక్కలేదు. ముఠాదారునకు భూమి; పల్లెవానికి వెట్టి. అధికారి మకామునకు వచ్చినచో సామాను మోయుట, వంటచెరకు తెచ్చుట, దారి నరకుట, రస్తా వేయుట, ఇవన్నియు వానిమీదనే పడెను. తన పోడు ఎండినను, చోడిచేను పందులపాలైనను వాడు పిలిచినపుడు రావలసినదే.

దాని ఫలము మన మెరిగినదే. గూడెము కొండలలో రస్తాల పనికి డిప్యూటీ తహసీలుదారు బాస్టియను గిరిజనులను బలవంతముగ దింపి, న్యాయమైన కూలి ఈయక బాధించెను. బట్టిపనుకులకు మునసబుగా నుండి ఆ పదవిని కోల్పోయిన గాము గంటముదొరయు, ఆతని సోదరుడు మల్లుదొరయు అల్లూరి సీతారామరాజు పక్షమున చేరిరి. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను. 1924 మే 7న కొయ్యూరు చెంత రాజు కాల్చివేయబడుటతో ఆ ఘట్టము ముగిసెను. మల్లుదొర చెరసాల కష్టము లనుభవించి బయటపడి, స్వతంత్ర భారతమున 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆ తిరుగుబాటునకు కారణములు పెక్కులు గలవు. అడవి చట్టములు, పోడు నిషేధము, వడ్డీవ్యాపారుల దోపిడి వానిలోనివి. కాని వెట్టియు, పదవి కోల్పోయిన పెద్దల పగయు అందు ముఖ్యములనుట నిర్వివాదము. ఒకనిచే సేవ చేయించుకొని వాని జీవికను లెక్కింపకపోవుట యెంతవరకు పోగలదో ఆ రెండేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

ఇచ్చట ఒక్క వస్తువును మీ దృష్టికి తెత్తును. అది డోలీ. పొడవైన బొంగునకు దుప్పటియో బుట్టయో వ్రేలగట్టి ఇద్దరో నలుగురో భుజములపై మోసెడి వాహనమది. పూర్వము దొరలును అధికారులును కొండలెక్కునపుడు దీనిలోనే కూర్చుండిరి. గిరిజనుడు వెట్టికి మోసెను. నేడు దారిలేని కొండపల్లెలో గర్భిణికి నొప్పులు వచ్చినపుడు, పాముకాటు తగిలినపుడు, జ్వరము ముదిరినపుడు ఆ డోలీనే కట్టుచున్నారు. మోయువాడు ఆ గిరిజనుడే, బరువు అట్టిదే, దారియు అట్టిదే. కాని మొదటిది దాస్యము, రెండవది ధర్మము. మొదటిదానిని మన రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించినది. వెట్టిచాకిరి నేరమనియు, ప్రజాప్రయోజనమునకై రాజ్యము నిర్బంధసేవను విధింపవచ్చును గాని అందు మత, జాతి, కుల, వర్గ భేదములు చూపరాదనియు ఆ యధికరణము చెప్పుచున్నది. ముఠాదారీ పద్ధతియు 1969 రెగ్యులేషనుచే రద్దయి, ఆ భూములు రైత్వారీలోనికి వచ్చెను. వెట్టి పోవలసినదే, పోయినది. దానితోపాటు సేవకును జీవికకును గల పాత లంకె కూడ తెగినది. స్వచ్ఛందముగ డోలీ మోయువానికి ఏ లంకెయు క్రొత్తగా కట్టబడలేదు.

ఇక కొండదిగి సముద్రతీరమునకు పోవుదము. కొలువుచేయువాని సమస్య మనకు స్పష్టముగ ఎదురైనది పట్టణములలోనే గాని పల్లెలలో కాదు. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు విశాఖపట్టణపు రేవుపై బాంబులు వేసెను. కాకినాడయు ఆనాడే దెబ్బతినెను. జనులు మూటలు కట్టుకొని ఊళ్లు విడిచిరి. అట్టి వేళ ఊరు విడువక దీపములార్పించుటకు, గాయపడినవారిని మోయుటకు, మంటలార్పుటకు ఏర్పడినదే ఎ.ఆర్.పి. దళము. దేశమందలి పట్టణములలో ఆ దళములయందు చేరినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు మున్నగువారు పెక్కురు. పగలు కచేరీ, రాత్రి కావలి. అట్టివారు విధిలో గాయపడినచో సాయము లభించునట్లు 1941లో యుద్ధగాయముల ఆర్డినెన్సు వెలువడెను. దేహమునకు కలిగిన హానికి ప్రభుత్వము బాధ్యత వహించుట గొప్ప సంగతియే. కాని గాయపడక, కేవలము కావలి కాచి మరునాడు ఆలస్యముగ పనికి పోయినవాని కొలువు సంగతి ఆ శాసనమునకు చెందినది కాదు.

యుద్ధమునకు పోయిన సైనికుని విషయమున మాత్రము ఇతర దేశములవలెనే మనమును ఒక మెట్టు పైకెక్కితిమి. ఇంగ్లండులో 1944లో, సైన్యమునుండి తిరిగివచ్చినవానిని పూర్వపు కొలువున తిరిగి చేర్చుకొనవలయునని ప్రత్యేక శాసనమే చేసిరి. మన దేశమున 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టము వచ్చెను. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు ఆ దళమును ప్రారంభించిరి. ఇది వృత్తి సైన్యము కాదు. తమ తమ పనులు చేసికొనుచు, అవసరమైనపుడు పిలుపునకు వచ్చు పౌరుల సేన. వరదలు, తుపానులు, భూకంపముల వేళలను కూడ దీని సేవ లుపయోగింపబడినవి.

ఈ చట్టమందు చేర్చబడిన నిబంధన నొకదానిని మీరు శ్రద్ధగా వినవలయును. సైనికసేవకు పిలువబడిన ఉద్యోగిని, ఆ సేవ ముగిసినంతనే, పూర్వముకన్న తక్కువ కాని షరతులతో తిరిగి పనిలో చేర్చుకొనుట యజమానికి విధి. యజమాని నిరాకరించినను, సాధ్యము కాదనినను ఆ తగవు నిర్ణీతుడైన అధికారి యెదుటికి పోవును. ఆ యధికారి, న్యాయమని తోచినచో యజమానిని మినహాయింపవచ్చును. లేదా తిరిగి చేర్చుకొమ్మని యాజ్ఞాపింపవచ్చును. లేదా ఆరునెలల జీతమునకు మించని పరిహారము నిప్పింపవచ్చును. ఉద్యోగికి ప్రావిడెంటు ఫండు మున్నగు నిధులలో గల హక్కులు సేవాకాలమున చెడకుండుటకు కూడ ఏర్పాటు కలదు. కౌటిల్యుని రెండు విధుల నడుమ మనకు కనబడిన లోటు ఇచ్చట పూడుకొన్నది. పిలిచినపుడు రావలయును, వచ్చినవాని స్థానము వానికై నిలిచియుండవలయును.

కాని ఈ రక్ష సైనికసేవకు సంబంధించినది. గృహరక్షకదళముల చరిత్ర వేరు. 1946 డిసెంబరులో బొంబాయిలో అలజడుల నడుమ పోలీసులకు తోడుగా హోంగార్డులు ఏర్పడిరి. 1962లో చీనావారి దండయాత్ర పిమ్మట రాష్ట్రములలోని యిట్టి దళములన్నియు ఒక్క రూపమునకు తేబడెను. ప్రభుత్వోద్యోగి హోంగార్డుగా శిక్షణకో విధికో పిలువబడినచో, కచేరీలలో స్పెషల్ కాజువల్ లీవు అని వ్యవహరింపబడు ప్రత్యేకపు సెలవు లభించును. ఆ సెలవు ఆతని సొంత సెలవులలోనుండి తగ్గింపబడదు. సర్కారు కొలువున నున్నవానికి ఇది మేలైన యేర్పాటు. కాని కాలక్రమమున పెక్కు రాష్ట్రములలో ఈ స్వచ్ఛందసేవయే పలువురకు ఏకైక వృత్తియైనది. దినభత్యముపై ఏండ్లతరబడి పనిచేసినవారు న్యాయస్థానముల కెక్కిరి. 2015 మార్చిలో సుప్రీంకోర్టు వీరి సేవను క్రమబద్ధము చేయుటకు ఒప్పుకొనలేదు గాని, పోలీసు కానిస్టేబులు కనీస వేతనమునకు తగ్గకుండ భత్యము లభింపవలయునని తీర్పుచెప్పెను. స్వచ్ఛందసేవ యను పేరు సేవకునకు గౌరవము. ఆ పేరునే కూలి తగ్గించుటకు సాకుగా వాడుకొనుట ప్రమాదము. మన కొండలలో వెట్టిని కూడ ఒకప్పుడు ఆచారమనియు, మర్యాదయనియు పిలిచిరి.

అన్యదేశములు ఈ చిక్కును విప్పిన తీరులు రెండు చెప్పెదను. జర్మనీలో 1950లో టి.హెచ్.డబ్ల్యు. అను ఆపత్సహాయ సంస్థ యేర్పడెను. అందలి సేవకులలో అత్యధికులు స్వచ్ఛందముగ వచ్చువారు. వీరి హక్కులను 1990 నాటి చట్టము నిర్ణయించినది. పిలుపు వచ్చినపుడు యజమాని వీరిని విడువవలయును, జీతమును ఈయవలయును. ఆ యజమాని ప్రైవేటువాడైనచో, తానిచ్చిన జీతమును ప్రభుత్వమునుండి తిరిగి పొందవచ్చును. ఆస్ట్రేలియాలో 2009 నాటి చట్టము, అడవిమంటలు మున్నగు ఆపదలలో గుర్తింపుపొందిన దళములతో పనిచేయు ఉద్యోగికి పనినుండి తొలగియుండు హక్కు నిచ్చినది. అందు యజమాని జీతమీయవలయునను నియమము లేదు. మొదటి పద్ధతిలో ఊరికొరకు పడిన నష్టమును ఊరే పంచుకొనును. రెండవదానిలో కొలువు నిలుచును గాని ఆనాటి కూలి సేవకునికే నష్టము.

ఈ రెండింటిని మన కొండలకు తెచ్చి చూచినచో ఏమగును? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటి కనుమలమీదుగా పోయెను. అరకు, అనంతగిరి ప్రాంతముల కాఫీతోటలలో నీడనిచ్చు సిల్వరుఓక్ వృక్షములు కూలి కాఫీమొక్కలపై పడెను. దారులు మూసికొనిపోయెను. కాఫీపండ్లు కోతకు వచ్చుట నవంబరు మొదలుకొని. అనగా తుపాను సరిగా ఏడాది ఫలము చేతికి వచ్చు ముందు పడెను. అట్టి వేళ గొడ్డలి పుచ్చుకొని పరులకై దారి నరకబోవు గిరిజనుని తోటలో కూలిన చెట్టును ఎవరు తొలగింతురు? తిరిగి పనిలో చేర్చుకొనుమని శాసించుటకు వానికి యజమాని లేడు. వాని చేనే వాని యజమాని. అది ఏ యధికారి యాజ్ఞను వినదు. అదను తప్పిన చోడి తిరిగి మొలకెత్తదు.

కాబట్టి కొలువునకు రక్ష యనుట పట్టణపు మాట. కొండలలో దానిని జీవికకు రక్ష యని చదువుకొనవలయును. పల్లెలలో బదులుపని యను మంచి యాచారము కలదు. నేడు నీ చేనిలో నేను, రేపు నా చేనిలో నీవు. డోలీ మోయబోయినవాని మడిని ఆనాడు తక్కినవారు చూచుట దీనిలోనిదే. దీనిని చట్టము నేర్పనక్కరలేదు, చెడగొట్టకున్న చాలును. కాని ఒక పల్లెలోని వారందరును తుపానులో చిక్కినపుడు బదులునకు వచ్చువారెవరు? అపుడు ప్రభుత్వమే ఆ బదులు తీర్పవలయును.

ఇందుకు సాధనములు లేకపోలేదు. 2005లో గ్రామీణ ఉపాధిహామీ చట్టము వచ్చినప్పటినుండి పనిదినమును మస్టరులో వ్రాసి కూలి చెల్లించు పద్ధతి మన పల్లెలకు పరిచితమే. 2016లో ప్రారంభమైన ఆపదమిత్ర యను పథకము పిమ్మట విస్తరించి, 350 జిల్లాలలో లక్షమంది స్వచ్ఛందసేవకులకు శిక్షణ యిచ్చుటకు సంకల్పించెను. వారికి బీమా కూడ నేర్పరచెను. 2005 ఆగష్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు వచ్చెను; 2018లో మన్యమునకు మోటారుసైకిలు అంబులెన్సులు వచ్చెను. కాని చక్రము పోజాలని చోట మనుష్యుని భుజమే శరణ్యము. ఆ భుజమునకు శిక్షణ, బీమా ఉన్న చాలదు; మోసిన దినము పనిదినముగా లెక్కింపబడవలయును. రోగిని చేర్చుకొన్న ఆసుపత్రి వైద్యుడు మోసుకొనివచ్చిన నలుగురి పేర్లు చీటీమీద వ్రాసియిచ్చి, ఆ చీటీపై కూలి లభించునట్లు చేయుట అసాధ్యమైన పని కాదు. తోటలలోను, హోటళ్లలోను, రోడ్డుపనులలోను కూలిచేయువాడు డోలీకి పోయిన కారణమున పని పోగొట్టుకొనరాదనుటకు ఒక్క నియమము చాలును.

కొందరు, "కూలి యిచ్చిన సేవ చెడును, ధర్మము బేరమగును" అని యాక్షేపింతురు. ఇది వినదగిన మాటయే. కాని సేవకు వెలకట్టుట వేరు, సేవకుని నష్టమును పూడ్చుట వేరు. రక్తమాన్యమిచ్చిన పూర్వులు వీరుని ప్రాణమునకు వెల కట్టలేదు. వాని బిడ్డలు పస్తుండరాదనిరి. పైగా నష్టపోయినను సాయపడుమనుట కలిగినవానికి సులువు, లేనివానికి శిక్ష. ఆపదలో ముందుగా పరుగెత్తువాడు తరచుగా లేనివాడే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఈ మన్యమునకు అల్లూరి సీతారామరాజు పేర ఒక జిల్లా యేర్పడినది. వెట్టిని ప్రతిఘటించిన వీరుని పేరు కచేరీల పలకలపై నిలిచినది. ఆ కచేరీలలో, ఊరివారికై పనిమాని వచ్చినవాని పేరు కూడ ఒక పట్టీలో వ్రాయబడి, ఆనాటి కూలి వాని యింటికి చేరినచో, ఆ జిల్లాకు పెట్టిన పేరు సార్థకమగును. శ్రోతలారా! మీ వీధిలో, మీ కచేరీలో, మీ తోటలో ఇట్టి సేవకుడొకడు తప్పక యుండును. చట్టము వచ్చువరకు వేచియుండక, వాడు తిరిగివచ్చువరకు వాని పని వానికై నిలిపియుంచుడు. సెలవు.